వీసా వచ్చేదాకా

అమెరికాలో అమ్మాయికి ఏడో నెల వచ్చిందంటే ఇక్కడ తల్లికి కాలు నిలవదు. మినుములు వేయించి సున్నుండలు ఎప్పుడు చుట్టాలి, కాయం ఎప్పుడు చెయ్యాలి, మెత్తని పాతచీరలు చింపి పొత్తిగుడ్డలు ఎప్పుడు సిద్ధం చెయ్యాలి అని అన్ని రోజులూ వేళ్ళమీద లెక్క వేసుకుంటుంది. ఒక్క రోజు మాత్రం ఆవిడ లెక్కకి అందదు. అది పాస్‌పోర్టులో వీసా అతికించుకుని కవరు ఇంటికొచ్చే రోజు. ఆ కవరు వేళకి రాక, పురిటికి వెళ్ళలేక, బారసాల ఫోనులో చూసి, "ప్రాప్తం లేదు లెండి" అని కళ్ళొత్తుకున్న తల్లుల్ని మీరూ నేనూ ఎందరినో చూశాం.

ఈవేళ ఆ ప్రాప్తం సంగతి కాస్త ముచ్చటించుకుందాం. అది బ్రహ్మ నుదుట రాసిన రాతయితే మనం చెయ్యగలిగిందేమీ లేదు. కాని వీసా కోసం ఎన్నాళ్ళు ఆగాలన్నది మనుషులు రాసిన రాత. ఏ ఏట రాశారో, ఎందుకు రాశారో, ఎప్పుడెప్పుడు దిద్దారో చరిత్రలో ఉంది. అది తెలిస్తే కవరు తొందరగా వస్తుందని నేను చెప్పను. మన ప్రయాణం రోజులు ఎలా పెట్టుకోవాలో మాత్రం కాస్త తెలుస్తుంది.

వీసా అనే మాట లాటిను భాషలోనుంచి వచ్చింది. 'చార్టా వీసా' అంటే చూసిన కాగితం అని అర్థం. ఎవరో అధికారి మీ కాగితం చూశాడు, చూశానని ఒక గుర్తు పెట్టాడు, అంతే. ఇదేదో దొరల వింత అనుకోనక్కర్లేదు. మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడని ఒక ఉద్యోగి ఉన్నాడు. ఒక మాషకం పుచ్చుకుని ముద్ర వేసిన పత్రం ఇస్తాడు. అది ఉన్నవాళ్ళే దేశంలోకి రావాలి, బయటికి పోవాలి. ముద్ర లేకుండా దొరికిన స్వదేశీయుడికి 12 పణాల జరిమానా. రుసుమూ, జరిమానా అప్పుడే ఉన్నాయన్నమాట!

మరి అప్పటినుంచీ ప్రపంచమంతా కాగితం చేతబట్టుకునే తిరిగిందా అంటే, లేదు. 19వ శతాబ్దం చివరికి యూరప్‌లో చాలా దేశాలు పాస్‌పోర్టు అడగడం మానేశాయి. రైళ్ళొచ్చాయి, ప్రయాణీకులు వేలల్లో పెరిగారు, ఒక్కొక్కరి కాగితం విప్పి చూసే ఓపిక ఎవరికుంది? అంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. గూఢచారుల భయంతో అన్ని దేశాలూ తలుపులు బిగించుకున్నాయి. యుద్ధం 1918లో ముగిసింది గాని తలుపుల గడియలు మళ్ళీ తియ్యలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి పాస్‌పోర్టు పుస్తకం ఎలా ఉండాలో, అందులో ఎన్ని పేజీలుండాలో కూడా నిర్ణయించింది. అదే ఏడు మన దేశంలోకి వచ్చేవాళ్ళకి పాస్‌పోర్టు ఉండాలని ఇక్కడి బ్రిటిషు ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం రద్దయింది ఎప్పుడనుకున్నారు? 2025లో. అదీ, ఇంకో కొత్త చట్టం దాని స్థానంలోకి వచ్చాక. పెళ్ళికని అటకమీంచి దింపిన గంగాళం పెళ్ళయిపోయినా వసారాలోనే ఉండిపోతుంది చూడండి, ఈ యుద్ధకాలపు ఏర్పాటూ అలాగే ఉండిపోయింది.

అయితే మన దేశంవాళ్ళకి ఆ యుద్ధానికి ముందే ఈ నిరీక్షణ రుచి తెలిసింది. కెనడాలో రంపపు మిల్లుల్లో పని దొరుకుతుందని పంజాబునుంచి చాలామంది వెళ్ళారు. మనమూ వాళ్ళూ ఒకే బ్రిటిషు సామ్రాజ్యంలోవాళ్ళం కాబట్టి, రావద్దని పైకి అనడానికి కెనడా ప్రభుత్వానికి నోరు రాలేదు. అందుకని 1908లో ఒక నిబంధన పెట్టింది. స్వదేశంనుంచి ఎక్కడా దిగకుండా, అక్కడే కొన్న ఒకే టిక్కెట్టుమీద వచ్చినవాళ్ళనే దిగనిస్తామంది. వినడానికి ఎంత అమాయకంగా ఉంది! ఆ టిక్కెట్టు అమ్మే ఓడ కంపెనీయే లేకుండా చేశారు. 1914లో కోమగాట మారు అనే ఓడలో 376 మంది వాంకూవరు రేవుకి వెళితే, రెండు నెలలు నీటిమీదే నిలబెట్టి, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపేశారు. ఈ కథ చరిత్ర పుస్తకాల్లో ఉంది, పిల్లలు చదువుకుంటారు.

పుస్తకాల్లో అంతగా కనిపించనిది ఆడవాళ్ళ కథ. అప్పటికే అక్కడ స్థిరపడిన మగవాళ్ళు భార్యల్ని తెచ్చుకోబోతే వాళ్ళకీ అదే టిక్కెట్టు నిబంధన. భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ అని వాంకూవరులో పేరున్న ఇద్దరు పెద్దలు కుటుంబాలను తీసుకురావడానికి స్వదేశం వచ్చి, తిరుగు ప్రయాణంలో ఆ తిన్నని టిక్కెట్టు దొరక్క హాంకాంగులో ఇరుక్కున్నారు. చివరికి 1912 మొదట్లో వాంకూవరు చేరితే, "మీరిద్దరూ దిగండి, మీ భార్యలూ పిల్లలూ వెనక్కి పోవాలి" అన్నారు. పెద్ద గొడవ జరిగాక, హక్కుగా కాదు, దయతలచి ఉండనిస్తున్నామని చెప్పి మరీ ఉండనిచ్చారు. స్థిరపడినవాళ్ళు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవచ్చునని సామ్రాజ్య సమావేశంలో తీర్మానం కావడానికి 1918 దాకా పట్టింది. అక్కడ మొగుడూ, ఇక్కడ పెళ్ళామూ, నడుమ ఒక కాగితమూ అనే సంసారం మన ఐటీ పిల్లలతో మొదలైంది కాదని తెలియడానికే ఇంతగా చెప్పాను.

ఇక అమెరికాకి వద్దాం. 1921కి ముందు అక్కడికి వెళ్ళే యూరప్ వాళ్ళు ఓడ దిగాక న్యూయార్కు రేవులో ఎల్లిస్ ద్వీపం దగ్గర పరీక్షకి నిలబడేవారు. 1921లో దేశానికింతమంది అని లెక్క కట్టారు. ఏడాది కోటాలో ఒక నెలలో అయిదోవంతుకి మించి రానివ్వకూడదన్నారు. దాంతో ఏం జరిగిందో చూడండి. నెలాఖరున ఓడలన్నీ న్యూయార్కు రేవు బయట వరసగా లంగరు వేసి నిలిచేవి. ఒకటో తారీకు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే గీత దాటడానికి పందెం గుర్రాల్లా పరుగెత్తేవి. నిమిషాలు ముందొచ్చిన ఓడలో వాళ్ళు దిగేవారు, వెనకబడిన ఓడలో వాళ్ళు అమ్మిన ఇల్లూ వాకిలీ తలుచుకుంటూ వచ్చిన దారినే పోవలసి వచ్చేది. రేషను షాపులో కిరసనాయిలు వచ్చిన రోజు మనం క్యూ కట్టిన చందమే, కాకపోతే నడిసముద్రంలో.

ఈ గందరగోళం పడలేక 1924లో కొత్త చట్టం తెచ్చారు. ఇకమీదట పరీక్ష మా రేవులో కాదు, బయలుదేరే దేశంలోనే మా కాన్సలు దగ్గర జరగాలి, వీసా చేతిలో ఉంటేనే ఓడ ఎక్కాలి అన్నారు. ఒక విధంగా మంచిదే, మహాసముద్రం దాటి వెళ్ళి వెనక్కి తిరిగే దుర్గతి తగ్గింది. కాని అప్పటినుంచీ క్యూ మన గుమ్మంలోకి వచ్చింది. ఇవాళ హైదరాబాదులో నానక్‌రాంగూడ దగ్గర మండుటెండలో ఫైలు గుండెకి హత్తుకుని నిలబడ్డ పెద్దావిడ, ఆ 1924 నాటి ఏర్పాటులోనే నిలబడి ఉంది.

మనవాళ్ళకి అప్పట్లో ఆ కోటా కూడా లేదు. 1917లోనే ఆసియాలో చాలా భాగాన్ని ఒక గీత గీసి, అందులోవాళ్ళు స్థిరపడడానికి రాకూడదన్నారు. చదువుకోవడానికి, చూసిపోవడానికి వెళ్ళవచ్చు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే ఆయన కేసులో, భారతీయులు అమెరికా పౌరులు కాలేరని వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ ఏడే అక్టోబరులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో ఓడ దిగారు. బోదకాలుకి మనకి ఇచ్చే మందు ఆయన అక్కడ నడిపిన పరిశోధనలోంచి వచ్చిందే. కడుపుతో ఉన్న అమ్మాయికి డాక్టరమ్మ మొదటి నెలల్లోనే రాసిచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసినది ఆయన బృందమే. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ మన దేశం రాలేదు. 1946లో భారతీయులకి పౌరసత్వపు తలుపు తెరిచి, ఏడాదికి వందమంది రావచ్చునని చట్టం చేశారు. 1948 ఆగస్టులో ఆయన పౌరుడు కాకుండానే అక్కడే కన్నుమూశారు. ఆ ఎడబాటుకి చట్టం ఒక్కటే కారణమంటే అన్యాయమవుతుంది, పరిశోధన పట్టిన మనిషి ఆయన. కాని రావాలన్నా పోవాలన్నా అంత అనిశ్చితంగా ఉన్న రోజుల్లో ఇంట్లో మిగిలిన ఇల్లాలి పాతికేళ్ళ సంగతి ఎవరు రాశారు? ఆయన మీద వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

బ్రిటనుకి వెళ్ళినవాళ్ళది ఇంకో తీరు. 1948 చట్టం ప్రకారం సామ్రాజ్యపు పాత ప్రజలమైన మనం అడ్డులేకుండా వెళ్ళేవాళ్ళం. 1962లో ఆ తలుపు సగం మూసి, పనికి వచ్చేవాళ్ళకి చీటీలు పెట్టారు. 1969లో భార్యాపిల్లలు కూడా బయలుదేరేముందే తమ దేశంలో ప్రవేశపత్రం తీసుకోవాలన్నారు. దాంతో ఢిల్లీలో, బొంబాయిలో, ఇస్లామాబాదులో, ఢాకాలో బ్రిటిషు కార్యాలయాల ముందు భార్యల వరసలు పెరిగాయి. నెలలు, కొన్ని చోట్ల ఏళ్ళు. భార్యాభర్తల్ని వేరువేరుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, జవాబులు కలవకపోతే అబద్ధపు పెళ్ళి అనేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి. పెళ్ళి చేసుకోవడానికి వెళ్ళే కన్నెపిల్లకి ఆ పత్రం అవసరం లేకుండా ఉండేది, అక్కడికి వెళ్ళి మూడు నెలల్లో పెళ్ళి చేసుకుంటే సరి. అందుకని, క్యూలో ఏళ్ళతరబడి నిలబడలేక పెళ్ళయిన ఆడవాళ్ళు కూడా పెళ్ళికూతుళ్ళమని చెప్పి వచ్చేస్తున్నారేమోనని అధికారులకి అనుమానం పుట్టింది. 1979 జనవరిలో లండను హీత్రో విమానాశ్రయంలో దిగిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయినిని ఆ అనుమానంతో కన్యత్వ పరీక్ష పేరిట డాక్టరు చేత పరీక్ష చేయించారు. ఆవిడ పత్రికకి చెప్పడంతో వారం పదిరోజుల్లో లోకమంతా తెలిసింది. మన ప్రభుత్వం నిరసన చెప్పింది, అక్కడి ప్రభుత్వం ఆ పరీక్షలు మానేసింది. ఎప్పుడో ఒకసారి జరిగిందన్నట్టు మాట్లాడారు గాని, తరవాత బయటపడ్డ పాత ఫైళ్ళ ప్రకారం మన దేశంలోని వాళ్ళ కార్యాలయాల్లోనే ఎనభైమందికి తక్కువ కాకుండా ఆడవాళ్ళకి అలాంటి పరీక్షలు చేశారు. క్యూ పొడుగైందీ వాళ్ళ చేతే, క్యూ తప్పించుకున్నారన్న అనుమానంతో అవమానించిందీ వాళ్ళే. ఇన్నాళ్ళు ఆగాలని ఒక కార్యాలయం పెట్టిన నిబంధన ఒక ఆడమనిషి ఒంటిదాకా వచ్చిందంటే, నిరీక్షణ ఉత్త కాగితాల విషయమని ఎలా అనగలం?

అన్నట్టు, పై దేశాలవాళ్ళనే అనుకోవడమెందుకు? 1967 దాకా మన ప్రభుత్వమే పాస్‌పోర్టు ఇస్తే ఇచ్చేది, లేకపోతే లేదు. ఎందుకివ్వరని అడగడానికి చట్టమే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి కోర్టుకెక్కారు. 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు, విదేశానికి వెళ్ళడం మనిషి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి ఆయన, అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. మర్నాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికకి నిలబడడానికి పదవి వదిలేశారు. పోటీలో ఓడిపోయారు గాని, ఆ తీర్పు ఫలితంగా అదే ఏడు జూనులో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఈవేళ మీ బీరువాలో ఉన్న నీలంరంగు పుస్తకం ఆ చట్టం కింద ఇచ్చిందే. అయిదుగురు జడ్జీలలో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు రెండోవైపు. ఒక్కరు అటు మొగ్గితే ఎలా ఉండేదో!

మళ్ళీ అమెరికా సంగతి. 1965లో వాళ్ళు పాత కోటాలన్నీ తీసేసి దేశానికి ఏడాదికి 20,000 అన్నారు. అప్పటినుంచే మన గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల డాక్టర్లూ ఇంజనీర్లూ బయలుదేరారు. 1990లో ఇంకో చట్టం. ఉద్యోగం మీద శాశ్వత నివాసం ఏడాదికి 1,40,000 మందికి ఇస్తామన్నారు, అయితే ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడుకి మించకూడదన్నారు. నూటనలభై కోట్లమంది మనకీ ఏడే, నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండుకీ ఏడే. వందమంది పెళ్ళివారు కూచున్న పంక్తికీ, ఇద్దరున్న పంక్తికీ ఒకే గిన్నెడు పప్పు పంపితే ఏమవుతుందో వంటింట్లో ఉండే మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 2025లో మనవాళ్ళలో చాలామందికి 2012, 2013 నాటి అర్జీల వంతే నడిచింది. అక్కడ పౌరుడైన అన్నగారు చెల్లెలి కోసం పెట్టే అర్జీ అయితే మరీ దారుణం, 2025లో ఇంకా 2006 నాటివి చూస్తున్నారు. మేనమామ అర్జీ పెట్టిననాడు చంకలో ఉన్న పిల్లవాడు, వంతు వచ్చేసరికి 21 దాటితే తల్లితో వెళ్ళే అర్హత పోగొట్టుకోవచ్చు.

కాబట్టి నిరీక్షణలు రెండు రకాలని మీరు గుర్తించాలి. ఒకటి ఇప్పుడు చెప్పిన చట్టపు వరస. మీరెంత తొందరపడినా అది కదలదు, వాళ్ళ శాసనసభ తలుచుకుంటే తప్ప. దాని చుట్టూ ప్రయాణం పెట్టుకోకూడదు, జీవితమే పెట్టుకోవాలి. ఇంకొకటి కిటికీ దగ్గర వరస. అధికారులు తక్కువ, అర్జీదార్లు ఎక్కువ. ఇది పెరుగుతుంది, తరుగుతుంది. పురిటికి వెళ్ళే తల్లికి తగిలేది ఈ రెండోది. మనం చేసుకోగలిగిన ఏర్పాటు కూడా దీనికే.

ఈ కిటికీ మనకి చాలాకాలం మద్రాసులో ఉండేది. రాత్రి హైదరాబాదులో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి మద్రాసులో దిగి, ఏ చుట్టాలింట్లోనో స్నానం చేసి, జెమినీ సర్కిల్ పక్కనున్న అమెరికా కాన్సలేటు ముందు నిలబడిన తరం మనది. భాష కాని ఊళ్ళో, ఇంగ్లీషు రాని అత్తగారికి దారిపొడుగునా జవాబులు వల్లెవేయించిన కోడళ్ళు ఎందరో. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో కాన్సలేటు తెరిచాక ఆ రైలు ప్రయాణం తప్పింది. 2023లో అది నానక్‌రాంగూడకి మారింది. మద్రాసు తిరిగే రోజులు ముగిసినా దేవుడి దగ్గరికి వెళ్ళే రోజులు ముగియలేదు. చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరు పడింది, కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. నమ్మకం ఉన్నవాళ్ళు చెయ్యండి, నేను కాదనను. కాని అర్జీ వేశాక మొక్కుకోండి, మొక్కుకుని అర్జీ వెయ్యడం మరిచిపోకండి!

కిటికీ వరస ఎంత పెరగగలదో కోవిడు నేర్పింది. 2020 మార్చిలో అమెరికా మామూలు వీసాల పని ప్రపంచమంతటా ఆపేసింది. తిరిగి తెరిచేసరికి పేరుకున్న అర్జీలు కొండంత. 2022 నవంబరులో మొదటిసారి చూడడానికి వెళ్ళేవాళ్ళకి హైదరాబాదులో ఇంటర్వ్యూ తొమ్మిదివందల రోజులకి పైమాటే. అంటే ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డ నడిచి, మాటలు నేర్చి, అమ్మమ్మ ఎవరని అడిగే వేళకి అన్నమాట. అప్పుడు ఏం చేశారు? అధికారుల్ని పెంచారు, శనివారాలు కూడా కిటికీలు తెరిచారు, బాంగ్‌కాక్ వెళ్ళి తీసుకోవచ్చన్నారు. 2023 ఒక్క ఏటిలోనే మన దేశంలో 14 లక్షల అర్జీలు చూశారు. దాదాపు వెయ్యి రోజులుగా ఉన్నది సగటున 250కి దిగింది. చూశారా, కావాలనుకుంటే వరస తగ్గుతుంది.

కావాలనుకుంటే పెరుగుతుంది కూడాను. 2025 సెప్టెంబరులో నిబంధనలు మళ్ళీ బిగించారు. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలూ, డెబ్భైతొమ్మిది దాటిన ముసలివాళ్ళూ కూడా చాలావరకు స్వయంగా ఇంటర్వ్యూకి రావాలన్నారు. బాంగ్‌కాక్ దారి మూసి, ఎవరి దేశంలో వాళ్ళే తీసుకోవాలన్నారు. ఆ డిసెంబరులో హెచ్-1బీ వాళ్ళ సామాజిక మాధ్యమాల ఖాతాలు చూడాలని కొత్త తనిఖీ పెట్టేసరికి, చెల్లెలి పెళ్ళికని మూడు వారాల సెలవు మీద వచ్చిన పిల్లల ఇంటర్వ్యూలు నెలలు వెనక్కి జరిగాయి. అక్కడ ఇల్లు, కారు, బడికెళ్ళే పిల్లలు. ఇక్కడ పుట్టింట్లో సూట్‌కేసు సర్దుకుని కూచున్న అమ్మాయి.

ఇంత చరిత్ర విన్నాక మీరడగబోయేది నాకు తెలుసు: "మరి మమ్మల్నేం చెయ్యమంటారు?" నేనైతే ఇలా అంటాను. చూడడానికి వెళ్ళే అమెరికా వీసా మనవాళ్ళకి సాధారణంగా పదేళ్ళకి ఇస్తారు. కాబట్టి అమ్మాయి నీళ్ళోసుకున్నాక కాదు, పెళ్ళయి కాపురానికి వెళ్ళిన ఏడే అర్జీ పెట్టేయండి. పని లేనప్పుడు తెచ్చుకున్న వీసా పని పడ్డప్పుడు ఉంటుంది. ఈలోగా పాస్‌పోర్టు గడువు ముగిస్తే కంగారు పడకండి, పాతదాంట్లో వీసా చెల్లుతుంది, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళాలి. కొత్త పాస్‌పోర్టు రాగానే పాతది అటకెక్కించేవాళ్ళు ఇది వినాలి. పదేళ్ళ వీసా అంటే పదేళ్ళు ఉండమని కాదు, దిగాక అక్కడి అధికారి గడువు రాస్తాడు, మామూలుగా ఆరు నెలలు. అందుకే మీకూ వియ్యపురాలికీ ఒకేసారి అర్జీలు పెట్టించి, వెళ్ళడం మాత్రం ఒకరి తరవాత ఒకరు పెట్టుకోండి. బాలింతకీ ఏడాది పొడుగునా తోడుంటుంది, ఒకే వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్ళ చిక్కూ ఉండదు.

వీసా రాకుండా టిక్కెట్టుకి డబ్బు కట్టకండి. కొనమని అమెరికావాళ్ళు అడగరు, పైగా వద్దంటారు. 1908లో టిక్కెట్టు లేక ఆగిపోయారు, ఇప్పుడు ముందు కొన్న టిక్కెట్టు వల్ల నష్టపోతున్నారు. యూరప్ యాత్రకైతే లెక్క వేరు. షెంగెన్ వీసా అర్జీ ఆరు నెలల ముందునుంచీ తీసుకుంటారు. పదిహేను రోజుల్లో తేలుస్తామంటారు గాని నలభై అయిదు దాకా పట్టవచ్చు, అర్జీ ఇచ్చే తేదీ దొరకడానికి పట్టే కాలం వేరే. పిల్లల వేసవి సెలవులకి వెళ్ళాలంటే సంక్రాంతి పిండివంటలు దాటగానే మొదలుపెట్టాలి. ఇక, స్లాటు ఇప్పిస్తామని డబ్బడిగే మధ్యవర్తుల జోలికి పోవద్దు. యంత్రాలతో పట్టేసిన రెండువేల దాకా తేదీలను 2025 మార్చిలో అమెరికా దౌత్య కార్యాలయం ఒక్కసారిగా రద్దు చేసింది. డబ్బూ పోయింది, తేదీ కూడా పోయింది.

చివరగా మన తెలుగు ఆడవాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పాస్‌పోర్టు పుస్తకం రూపం నిర్ణయించినవాళ్ళకి మనిషికి పేరొకటీ ఇంటిపేరొకటీ ఉంటాయని తెలుసు గాని, పుట్టింటి ఇంటిపేరూ అత్తింటి ఇంటిపేరూ వేరనీ, కొందరు ఆడవాళ్ళు ఏదీ రాయరనీ తెలియదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు తీసుకెళితే, అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరున్న చోట 'పేరు తెలియదు' అనే అర్థంలో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు వేస్తారు. లక్ష్మీ నరసమ్మగారు ఎఫ్.ఎన్.యు. లక్ష్మీ నరసమ్మ అవుతారు. అప్పుడు టిక్కెట్టు మీద ఒక పేరు, వీసా మీద ఇంకో పేరు. అందుకని అర్జీ రాయకముందే పాస్‌పోర్టు మొదటి పేజీ తెరిచి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే కొత్త పాస్‌పోర్టుకి పెట్టుకోండి. దానికో నెలో రెండు నెలలో పడుతుందని లెక్కలో కలుపుకోండి, ఎందుకంటే పోలీసు విచారణకి వచ్చినవేళ మీరు ఇంట్లో ఉండాలి.